కణపు పొరను దాటే దారులు: ఉప్పు, చక్కెర, నీరు

విరేచనాలతో సొమ్మసిల్లిన బిడ్డకు మంచినీళ్ళు మాత్రమే పట్టిస్తే ఎందుకు సరిపోదు? చక్కెర నీళ్ళు మాత్రమే పట్టిస్తే ఎందుకు సరిపోదు? ఆ చక్కెర నీటికి కొలత ప్రకారం కాస్త ఉప్పు తోడైతే పోతున్న ప్రాణం ఎలా నిలుస్తుంది? నా వైద్యవృత్తిలో ఈ ప్రశ్నలు అడిగినవారు ఎందరో ఉన్నారు. వరుసలో ఇంకా నలభై మంది నిలబడి ఉండగా, "ముందు తాగించండమ్మా, తరువాత చెబుతాను" అనడం కంటే ఎక్కువ చెప్పే వ్యవధి అప్పుడు ఉండేది కాదు. విశ్రాంత జీవితంలో ఆ వ్యవధి దొరికింది. ఆ ప్రశ్నలకు సమాధానం మన శరీరంలోని ప్రతి కణాన్నీ చుట్టి ఉన్న ఒక పలుచని పొరలో ఉన్నది. ఆ పొరను పదార్థాలు ఎలా దాటుతాయో తెలిస్తే, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు ఏమి తాగించాలో, ఏమి తాగించకూడదో ఎవరూ చెప్పకుండానే మీకు అర్థమవుతుంది.

పొర నిర్మాణం

కణపు పొర మందం ఏడెనిమిది నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో లక్షవ వంతు కూడా ఉండదు. ఇది ముఖ్యంగా కొవ్వు పదార్థంతో నిర్మితమైనది. ఈ కొవ్వు అణువుకు ఒక తల, రెండు తోకలు ఉంటాయి. తలకు నీరంటే ఇష్టం, తోకలకు నీరంటే గిట్టదు. అందువలన ఇవి రెండు వరుసలుగా తీరుతాయి. తలలు కణం బయటి నీటివైపు, లోపలి నీటివైపు తిరిగి ఉంటాయి. తోకలు రెండు వరుసల నడుమ దాగి ఉంటాయి. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్చి పరిశోధకులు ఎర్ర రక్తకణాల నుండి కొవ్వును వేరుచేసి నీటిపై పరచి చూశారు. అది ఆ కణాల ఉపరితలానికి ఇంచుమించు రెట్టింపు వైశాల్యాన్ని ఆక్రమించింది. పొరలో వరుసలు రెండున్నాయన్న భావన ఆ విధంగా రూపుదిద్దుకున్నది. ఈ కొవ్వులో అక్కడక్కడ మాంసకృత్తుల అణువులు తేలుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన నమూనా నేటికీ మౌలికంగా నిలిచి ఉన్నది.

మన పాఠ్యపుస్తకాలలో ఈ పొరకు 'విచక్షణా త్వచం' అని చక్కని పేరు పెట్టారు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో ఇది విచక్షణతో నిర్ణయిస్తుంది. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు వంటి చిన్న అణువులు కొవ్వులో కరిగి తేలికగా దాటిపోతాయి. సోడియం, పొటాసియం వంటి విద్యుదావేశం గల అయానులు మాత్రం అడుగు పెట్టలేవు. నూనెలో ఉప్పు వేసి ఎంత కలిపినా కరగదు కదా, ఇదీ అంతే. గ్లూకోజు అణువు పెద్దది, నీటిని ఇష్టపడేది. కనుక దానికీ ప్రవేశం లేదు. అటువంటి వాటికోసం పొరలోని మాంసకృత్తులు ప్రత్యేకమైన ద్వారాలుగా పనిచేస్తాయి.

మాగాయ చెప్పే పాఠం

ద్వారాల కథకు ముందు నీటి స్వభావం తెలుసుకోవాలి. మీ ఇంట్లో మాగాయ పెట్టడం చూసే ఉంటారు. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఉంచితే మూడవ నాటికి ముక్కలు ముడుచుకొని, జాడీ అడుగున ఊట నిలుస్తుంది. ఆ నీరు ఎవరూ పోసినది కాదు. ముక్క వెలుపల ఉప్పు ఎక్కువగా ఉన్నందున, ముక్కలోని కణాల నుండి నీరు బయటికి నడిచింది. దీనికి విరుద్ధమైనది పాయసంలోని ఎండు ద్రాక్ష. పాలలో పడగానే నీటిని లోపలికి పీల్చుకొని ఉబ్బుతుంది. కరిగిన పదార్థాలు తక్కువగా ఉన్నవైపు నుండి ఎక్కువగా ఉన్నవైపుకు నీరు పొరగుండా సాగిపోవడాన్ని ద్రవాభిసరణం అంటారు.

ఆస్పత్రిలో రక్తనాళంలోకి ఎక్కించే సెలైనులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉండటానికి కారణం ఇదే. ఆ మోతాదు రక్తపు గాఢతకు ఇంచుమించు సమానం. శుద్ధజలాన్ని నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు నీటిని పీల్చుకొని పగిలిపోతాయి.

నీరు కొవ్వు పొరను కొద్దిగా మాత్రమే దాటగలదు. మూత్రపిండాలలో నీరు అంత వేగంగా ఎలా కదులుతున్నదో చాలాకాలం అంతుపట్టలేదు. పీటర్ ఆగ్రె అనే అమెరికను శాస్త్రవేత్త పొరలో నీటికి మాత్రమే దారినిచ్చే సూక్ష్మమైన గొట్టం వంటి మాంసకృత్తును గుర్తించాడు. దానికి ఆక్వాపోరిన్ అని పేరు వచ్చింది. ఆయనకు 2003లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానం లభించింది. అయానులకు దారినిచ్చే ద్వారాల నిర్మాణాన్ని వివరించిన రాడరిక్ మెకినన్ ఆ బహుమానాన్ని ఆయనతో పంచుకున్నాడు.

అయితే నీటిని తోడి పోసే యంత్రం మన శరీరంలో ఎక్కడా లేదని గుర్తుంచుకోండి. నీరు స్వయంగా నిర్ణయం తీసుకోదు. ఉప్పు, చక్కెర ఎటు వెళితే అటే వాటి వెనుక వెళుతుంది. ఈ వ్యాసానికంతటికీ మూలసూత్రం ఈ మాటే.

అలసట ఎరుగని పంపు

కణం లోపల సోడియం తక్కువ, పొటాసియం ఎక్కువ. వెలుపల దానికి తలక్రిందులు. రక్తంలో లీటరుకు సుమారు 140 మిల్లీమోలుల సోడియం ఉంటే, కణం లోపల పది పదిహేనుకు మించదు. ఈ తేడా దానంతటదే నిలవదు. పల్లంలోకి నీరు దిగినట్లు సోడియం లోపలికి చొరబడాలని నిరంతరం ప్రయత్నిస్తుంది. దానిని ఎప్పటికప్పుడు బయటికి నెట్టే మాంసకృత్తును 1957లో డెన్మార్కుకు చెందిన యెన్స్ స్కౌ వర్ణించాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం లభించింది. ఈ పంపు ఒక్కొక్క విడతకు మూడు సోడియం అయానులను వెలుపలికి పంపి, రెండు పొటాసియం అయానులను లోపలికి తెస్తుంది. మనం నిద్రలో ఉన్నా ఇది ఆగదు. విశ్రాంతిగా ఉన్న శరీరం వ్యయపరచే శక్తిలో ఇంచుమించు అయిదవ వంతు దీనికే పోతుంది.

ఆ శక్తిని సమకూర్చే పదార్థం పేరు ఏటీపీ. ఈ పదార్థంతో మన తెలుగువారికి ఒక బంధం ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దీనిని కండరాల నుండి వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నాడు. ప్రేగులు ఆహారసారాన్ని పీల్చుకోలేని స్ప్రూ అనే వ్యాధికి సోదరుని పోగొట్టుకున్న మనిషి సుబ్బారావు గారు. ఆ ప్రేగు గోడలోని పంపు నడవడానికి కావలసిన ఇంధనాన్ని వెలుగులోకి తెచ్చినవారిలో ఆయన ఒకరు కావడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

జంటగా వస్తేనే తెరుచుకొనే ద్వారం

ఇక అసలు ద్వారం వద్దకు వద్దాం. చిన్న ప్రేగుల లోపలి గోడపై కోట్లకొద్దీ కణాలు అంచులు కలిపి నిలిచి ఉంటాయి. మనం తాగిన నీరు, లాలాజలం, జఠరరసం, పైత్యరసం, ప్రేగుల స్రావాలు అన్నీ కలిపి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం ప్రేగులలోకి చేరుతుంది. ఆరోగ్యవంతుని మలంలో బయటికి పోయే నీరు అందులో 200 మిల్లీలీటర్లకు మించదు. మిగిలినదంతా ఈ కణాలు వెనక్కి పీల్చుకుంటాయి.

ఈ కణాల ముంగిట ఒక విచిత్రమైన ద్వారం ఉన్నది. గ్లూకోజు అణువు ఒంటరిగా వస్తే ఇది తెరుచుకోదు. రెండు సోడియం అయానులు, ఒక గ్లూకోజు అణువు కలిసి వచ్చి దానిలో కూర్చుంటేనే అది లోపలివైపు తిరిగి, మూడింటినీ కణంలోకి వదులుతుంది. కణం లోపల సోడియం తక్కువగా ఉంటుందని చెప్పాను కదా. సోడియం పల్లానికి దిగుతూ, ఆ ఊపులో గ్లూకోజును కూడా వెంటబెట్టుకొని పోతుంది. లోపలికి వచ్చిన సోడియంను కణం వెనుకవైపున్న పంపు రక్తంవైపు తోసివేస్తుంది. గ్లూకోజు వేరొక ద్వారం గుండా రక్తంలోకి చేరుతుంది. ఈ రెండూ అటు వెళ్ళగానే నీరు వాటి వెనుకే వెళుతుంది.

సోడియం, గ్లూకోజు కలిసి ప్రయాణిస్తాయనే ఈ ఊహను రాబర్ట్ క్రేన్ అనే అమెరికను జీవరసాయనవేత్త 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో వెల్లడించాడు. ఆ ద్వారపు జన్యువును 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం గుర్తించింది. దాని పేరు ఎస్.జి.ఎల్.టి-1. ఈ ఒక్క ద్వారం కోట్ల ప్రాణాలకు ఆధారం కాబోతున్నదని ప్రాగ్ సదస్సులో కూర్చున్నవారు ఊహించి ఉండరు.

కలరా మూయలేని తలుపు

కలరా సూక్ష్మజీవి ప్రేగు గోడను కొరికి నాశనం చేస్తుందని ఒకప్పుడు భావించేవారు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే వైద్యుడు కుందేలు ప్రేగులపై ప్రయోగాలు చేసి, ఆ సూక్ష్మజీవి విడుదల చేసే ఒక విషపదార్థమే ద్రవం కారిపోవడానికి కారణమని నిరూపించాడు. ఆ విషం కణంలోకి చేరి క్లోరైడు బయటికి పోయే ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. క్లోరైడు వెనుక సోడియం, వాటి వెనుక నీరు ప్రేగులోకి ధారకడతాయి. మామూలుగా ఉప్పును లోపలికి తెచ్చుకొనే ద్వారం మందగిస్తుంది. తీవ్రమైన కలరాలో పెద్దమనిషి గంటకు లీటరు నీరు కూడా కోల్పోవచ్చును.

కాని ఆ విషం సోడియం, గ్లూకోజు జంటగా దాటే ద్వారాన్ని తాకదు. ఇల్లంతా కురుస్తున్నా ఆ ఒక్క తలుపు పనిచేస్తూనే ఉంటుంది. ఉప్పునీరు మాత్రమే ఇస్తే రోగికి అందకపోవడానికి, దానిలో గ్లూకోజు చేరిస్తే అందడానికి కారణం ఇదే. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ ఈ ద్రావణాన్ని నోటి ద్వారా ఇచ్చి, రక్తనాళంలోకి ఎక్కించవలసిన సెలైను చాలావరకు తగ్గించవచ్చునని చూపించారు. కలకత్తాలో కూడా ఆ కాలంలోనే ఇటువంటి పరిశోధనలు సాగాయి.

అసలు పరీక్ష 1971లో ఎదురైంది. బంగ్లాదేశ్ విమోచన యుద్ధం నుండి తప్పించుకొని లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలులోకి వచ్చారు. సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైను సీసాలు నిండుకున్నాయి. అక్కడికి వెళ్ళిన డాక్టరు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. ఆయన నివేదించిన 3,700 మందికి పైగా రోగులలో మరణాలు 3.6 శాతం. అంతకుముందు అక్కడ నూటికి ముప్పయి మంది వరకు చనిపోతుండేవారు. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. 2023లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఉగ్గుగిన్నె

1980ల తొలి సంవత్సరాలలో నేను కోస్తాలోని ఒక తాలూకా ఆస్పత్రిలో పనిచేశాను. రోహిణీకార్తె ఎండలకు చెరువులు అడుగంటినప్పుడు వాంతులు, విరేచనాలతో వచ్చేవారితో వరండాలు కూడా నిండిపోయేవి. ఉప్పు, చక్కెర పొట్లాలు అప్పటికే మా ఆస్పత్రికి వస్తున్నాయి. వాటిని చేతికిస్తే ముఖాలు చిన్నబోయేవి. "ఇంత దూరం బండి కట్టుకొని వస్తే ఉప్పునీళ్ళు ఇస్తారేంటండీ, గ్లూకోజు ఎక్కించండి" అనేవారు. ఇంకొందరు, "పోసిన నీళ్ళు పోసినట్టే పోతున్నాయండీ, ఇంకేం పొయ్యమంటారు?" అని అడిగేవారు. నీళ్ళు తాగితే విరేచనాలు ఎక్కువవుతాయని, కడుపును ఎండబెడితే తగ్గుతాయని నమ్మి బిడ్డ నోట చుక్క నీరు పోయనివారు ఎందరో ఉండేవారు. అలా మూడు రోజులు ఎండబెట్టి తెచ్చిన ఒక పసిపిల్ల మాకు దక్కలేదు. రక్తనాళాలు ముడుచుకుపోయి సూది దిగడానికి చోటు దొరికేలోపే ప్రాణం పోయింది. ఆ తల్లి నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. పెద్దలు చెప్పినదంతా తు.చ. తప్పకుండా చేసింది.

ఆ వారంలోనే ఏడాదిన్నర మనవడిని ఎత్తుకొని ఒక ముసలమ్మ వచ్చింది. పిల్లవాని కళ్ళు లోతుకుపోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీరు రావడం లేదు. ఇంకా మింగగలుగుతున్నాడు. ఆ రాత్రికి మిగిలిన సెలైను సీసాలు రెండే. స్పృహ తప్పిన ఇద్దరు పెద్దవాళ్ళకు అవి కావాలి. ద్రావణం కలిపి గ్లాసులో ఇచ్చాను. "ఈ గ్లాసుతో మావాడు తాగడు బాబూ" అని ఆమె మూట విప్పి ఇత్తడి ఉగ్గుగిన్నె తీసింది. నిమిషానికి ఒకమారు, కొద్దికొద్దిగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలు. తెల్లవార్లూ ఆమె కన్ను మూయలేదు. ఉదయం నేను వార్డులోకి వెళ్ళేసరికి తడిసిన చీర కుచ్చిళ్ళు చూపిస్తూ, "ఒళ్ళో ఉచ్చపోశాడండీ" అని నవ్వుతున్నది. వైద్యులకు అంతకంటే శుభవార్త ఉండదు. మూత్రపిండాలకు మళ్ళీ రక్తం చేరుతున్నదని దాని అర్థం.

గమనించండి, పిల్లవానికి విరేచనాలు అప్పటికి తగ్గలేదు. ఈ ద్రావణం విరేచనాలను కట్టివేసే మందు కాదు. పోయేది పోతుండగానే, దానికి సరిపడా లోనికి చేరుస్తుంది. శరీరం వ్యాధిని జయించేవరకు ప్రాణాన్ని నిలుపుతుంది. "పోసిన నీళ్ళు పోసినట్టే పోతున్నాయి" అన్నవారికి ఇదే నా సమాధానం. పోతున్నది కంటికి కనిపిస్తుంది, లోపలికి చేరుతున్నది కనిపించదు.

గ్లూకోజు సీసా, శీతల పానీయం

మన ప్రజలకు గ్లూకోజు సీసాపై ఉన్న నమ్మకం గురించి ఒక మాట చెప్పాలి. 5 శాతం గ్లూకోజు ద్రావణంలో ఉప్పు ఉండదు. రక్తంలోకి ఎక్కిన గ్లూకోజును కణాలు వాడుకుంటాయి. మిగిలిన నీరు శరీరంలోని కణాలన్నింటిలోకీ చెదిరిపోతుంది, రక్తనాళాలలో నిలిచేది చాలా తక్కువ. విరేచనాలతో రక్తపీడనం పడిపోయినవారికి కావలసినది సోడియం ఉన్న ద్రవం. అందుకే రింగర్ లాక్టేటు లేక సెలైను ఎక్కిస్తాము. ఏ సీసా ఎక్కించాలో వైద్యుని నిర్ణయానికి వదలండి.

శీతల పానీయాలు, పెట్టెలలో అమ్మే పళ్ళరసాలు ఇంకొక ప్రమాదం. చాలావాటిలో లీటరుకు 100 గ్రాముల చుట్టుపక్కల చక్కెర ఉంటుంది, సోడియం దాదాపు ఉండదు. ద్వారం దాటలేని చక్కెర ప్రేగులో నిలిచి, రక్తం నుండి నీటిని ప్రేగులోకి లాగుతుంది. ఉప్పు పట్టిన మామిడి ముక్కకు జరిగినదే ప్రేగు గోడకూ జరుగుతుంది. విరేచనాలు పెరుగుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి సూచిస్తున్న ఓ.ఆర్.ఎస్. పొట్లంలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాసియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. అలా కలిపిన లీటరులో సోడియం 75 మిల్లీమోలులు, గ్లూకోజు 75 మిల్లీమోలులు. జంట ద్వారానికి సరిపోయే పాళ్ళు ఇవి. ద్రావణపు మొత్తం గాఢత రక్తపు గాఢత కంటే తక్కువ. అందువలన నీరు ప్రేగు నుండి రక్తంవైపే నడుస్తుంది.

కొంతకాలం మన మార్కెట్టులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువగా ఉన్న తియ్యని పానీయాలు కూడా పెట్టెపై 'ఓ.ఆర్.ఎస్.' అనే అక్షరాలతో మందుల దుకాణాలలోనే అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు పొట్లంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉన్నదో లేదో చదివి తీసుకోండి.

మన గంజి సంగతి

మన పెద్దలు విరేచనాలకు ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ ఇచ్చేవారు. గంజిలోని పిండిపదార్థం గ్లూకోజు అణువుల పొడవైన గొలుసు. గొలుసుగా ఉన్నంతసేపు అది నీటిని అంతగా లాగదు. ప్రేగులోని జీర్ణరసాలు దానిని తునకలు చేయగా వచ్చిన గ్లూకోజు, ఉప్పులోని సోడియంతో జతకట్టి అదే ద్వారం దాటుతుంది. ద్వారం పేరు తెలియకపోయినా గంజిలో ఉప్పు వేసిన చేయి సరైన పనే చేసింది. కొబ్బరినీళ్ళలో పొటాసియం పుష్కలం, సోడియం తక్కువ. కనుక అవి తోడుగా మంచివే గాని ఓ.ఆర్.ఎస్.కు బదులు కాజాలవు.

ఇంట్లో చేయవలసినవి

పొట్లంపై ఎన్ని నీళ్ళలో కలపాలని ఉన్నదో చూడండి. లీటరు పొట్లాలు, 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలు రెండూ దొరుకుతాయి. కాచి చల్లార్చిన నీటిలో పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై హాని జరుగుతుంది, పలుచన చేస్తే ఫలితం ఉండదు. అదనంగా చక్కెర, పాలు, పళ్ళరసం కలపరాదు. కలిపిన ద్రావణాన్ని మళ్ళీ కాచకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తగా కలుపుకోవాలి.

పొట్లం దొరకనప్పుడు లీటరు మంచినీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, తలకొట్టిన అర చెంచా ఉప్పు కలపండి. కొలతే దీనికి ప్రాణం, కంటి అంచనా పనికిరాదు.

రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, రెండు నుండి పదేళ్ళవారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవారికి తాగగలిగినంత ఇవ్వాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా కొనసాగించాలి. తల్లిపాలు, మామూలు ఆహారం ఆపకూడదు. పిల్లలకు వైద్యుని సలహాపై 14 రోజులు జింకు ఇవ్వాలి. చిన్నపిల్లలకు విరేచనాలు కట్టించే బిళ్ళలు సొంతంగా వేయకండి.

మధుమేహం ఉన్నవారు "మాకు చక్కెర కదా" అని ఓ.ఆర్.ఎస్.కు జంకుతారు. విరేచనాలలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు కంటే నీరు, లవణాల నష్టమే వారికి పెద్ద ముప్పు. రక్తంలో చక్కెర చూసుకుంటూ తాగవచ్చు. వారికి ఇంకొక ముఖ్య విషయం. మూత్రపిండాలలో కూడా ఇటువంటి జంట ద్వారమే ఒకటి ఉన్నది. వడపోతలో దిగిన గ్లూకోజులో అధికభాగాన్ని అది రక్తంలోకి తిరిగి చేరుస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఆ ద్వారాన్ని మూసి, చక్కెరను మూత్రంలోకి వదులుతాయి. చక్కెర వెనుక నీరూ పోతుంది. కనుక వాంతులు, విరేచనాలు పట్టుకుని భోజనం మానేసిన రోజులలో ఈ మందులు కొనసాగించడం ప్రమాదకరం. వెంటనే మీ వైద్యుని అడిగి, ఆయన చెప్పినట్లు తాత్కాలికంగా ఆపండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. బిడ్డ మత్తుగా పడి ఉండటం, తాగలేకపోవడం, కళ్ళు లేక మాడు లోతుకుపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, పొట్టపై చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్ళడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, అధిక జ్వరం. వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆస్పత్రికి బయలుదేరండి. దారిలో కూడా, బిడ్డ మింగగలిగితే, తాగించడం మానకండి.

ఒక పొట్లం ధర తక్కువే. రెండు పొట్లాలు కొని ఇప్పుడే వంటింటి అలమరలో ఉంచుకోండి. అవసరం వచ్చేది తరచుగా అర్ధరాత్రి వేళ, మందుల దుకాణాలు మూసి ఉన్నప్పుడు.